ఒక తెప్ప, అయిదు చుక్కలు

మా సంయుక్త సంచాలకులు విరూపాక్షరావు గారు ఏదో చలిదేశంలో జరిగిన జలయాన సదస్సుకి వెళ్ళి పదకొండు రోజులుండి వచ్చారు. వెళ్ళినాయన వెళ్ళినట్టు తిరిగి రావచ్చు కదా. అబ్బే! అక్కడ కయాక్ అనే సన్నటి పడవలో కూర్చుని, రెండు వైపులా రెక్కలున్న తెడ్డు పట్టుకుని ఫోటో దిగి మరీ వచ్చారు. ఆ ఫోటోలో ఆయన మోకాళ్ళ ముందు, పడవకి బిగించిన చిన్న పీట మీద, అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద యంత్రం ఒకటి ఉంది. దాన్ని జీపీఎస్ అంటారట. పడవ ఎక్కడుందో ఆకాశాన్ని అడిగి చెబుతుందట. ఆ ఫోటోకి పటం కట్టించి ఆఫీసు గోడకి తగిలించిన రోజునే నాకు ఎడమకన్ను అదిరింది.

మా ఆఫీసు పేరు తీర జలయాన ఉనికి నిర్ధారణ విభాగం. ఈ పేరు పలికేసరికి ఒక పూట గడిచిపోతుంది, రెండో పూట భోజనానికి సరిపోతుంది. నేను ఇందులో సీనియర్ సహాయకుణ్ణి. నా పేరు జగన్నాయకులు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఎవరి ఉనికినీ నిర్ధారించిన పాపాన పోలేదు. అలాంటి నా బల్ల మీదకి ఒక సోమవారం పొద్దున్నే ఉత్తర్వు వచ్చి పడింది.

“ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, తీరమందు సంచరించు ప్రతి జలయానమునకును, దాని పరిమాణముతో నిమిత్తము లేకుండ, కయాక్ నమూనా ననుసరించి ఉనికి యంత్రము బిగింపబడవలెను. యంత్రము లేని జలయానము సముద్రమందు ఉన్నను లేనట్టే భావింపబడును.”

మొదటి ప్రయోగానికి గరగవానిపాలెం ఎంపికైంది. మా జీపు ఇసకలో దిగబడకుండా వెళ్ళగలిగేది ఆ ఒక్క ఊరికే. ఊళ్ళో మోటారు పడవలు పద్దెనిమిది ఉన్నాయి. వాటికి బిగించి ఊరుకుంటే ఈ కథ ఉండేది కాదు. కాని సార్‌కి ఫోటోలోలాగా ఒక్క మనిషే కూర్చుని తెడ్డేసుకునే సన్నటి జలయానం కావాలి. అలా మా కంట పడింది అసిరయ్య తెప్ప.

తెప్ప చూడనివాళ్ళ కోసం ఒక మాట. తేలికపాటి కర్రదుంగలు అయిదింటిని పక్కపక్కన పేర్చి, ముందూ వెనకా తాడుతో బిగించి కడతారు. మేకు ఉండదు, గోడ ఉండదు. కెరటం సందుల్లోంచి వచ్చి పైనుంచి పోతూ ఉంటుంది. దాని మీద మోకాళ్ళేసుకుని తెడ్డు వేస్తూ అసిరయ్య ముప్ఫై అయిదేళ్ళుగా వేటకి వెళుతున్నాడు. మనిషి యాభై దాటాడు. నోరు తెరిస్తే గాలిని తిడతాడు, మూస్తే బీడీ కాలుస్తాడు.

మెకానిక్ బరమా తీసి నడిమి దుంగ మీద పెట్టగానే ఆయన అడ్డంగా కూర్చున్నాడు.

“నా దుంగకి సిల్లెట్టనివ్వను బాబూ. అంతగా ఎట్టాలనుంటే మీ జీపుకెట్టుకోండి.”

అప్పుడు ఆయన భార్య పోలమ్మ చేపలతట్ట దించి ముందుకొచ్చింది.

“నువ్వూరుకో మావా. బాబూ, ఇదెలిగితే మావోడు ఎక్కడున్నాడో మీకు తెలుస్తాదా?”

“తెలుస్తుందమ్మా. నా బల్ల మీద తెర ఉంటుంది. అందులో చుక్కలా కనిపిస్తాడు.”

“మా అయ్య ఏటకెల్లి రానేదు బాబూ. తొమ్మిది రోజులు ఈ ఇసక మీదే కూకున్నాం. ఏ దిక్కునున్నాడో తెలిసుంటే మా అన్నలెల్లి తెచ్చీసుందురు. ఆడి మాట ఇనకండి, బిగించీండి.” అని, నా ఫోన్ నంబరు అడిగి తన ఫోనులో ఎక్కించుకుంది.

మెకానిక్ నాలుగు బోల్టులతో ఇనప పీట బిగించి దాని మీద యంత్రం ఎక్కించాడు. పచ్చదీపం వెలిగింది. పోలమ్మ దానికి చేత్తో దణ్ణం పెట్టుకుంది. నాకు నిజంగానే గర్వంగా అనిపించింది. ఇరవై ఆరేళ్ళకి ఒక మనిషికి పనికొచ్చే పని చేశాననుకున్నాను.

గురువారం పదకొండు గంటలకి విరూపాక్షరావు గారు స్వయంగా తనిఖీకి వచ్చారు. ఇసక మీద అయిదు దుంగలు దేనికది దూరదూరంగా ఎండలో పడి ఉన్నాయి. అసిరయ్య వల బాగు చేసుకుంటున్నాడు.

“జలయానము ఏది?” అన్నారు సార్.

“ఇదే బాబూ.”

“ఇది కట్టెల అడితి. జలయానము ఏదయ్యా?”

“ఇప్పీసినాను బాబూ. రోజూ ఒడ్డుకి రాగానే ఇప్పీసి ఆరబెడతాం. నేకపోతే దుంగ నీరు తాగీసి బరువెక్కిపోద్ది. మల్లా పొద్దున్న కట్టుకుంటాం.”

సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “అనగా పగటిపూట ఈ జలయానము అస్తిత్వంలో ఉండదన్నమాట.”

“ఉంటాది బాబూ. ముక్కలుగా ఉంటాది.”

“జగన్నాయకులూ, రాసుకో. ప్రతిదినము లయించి, ప్రతిదినము పునరుద్భవించు నౌక ఒకటి మన పరిధిలో ఉన్నట్టు కనుగొనడమైనది.”

నేను రాసుకున్నాను. రాయకపోతే మళ్ళీ చెబుతారు.

మరో నాలుగు రోజులకి అసిరయ్య కాగితాల మీద వేలిముద్ర వేయడానికి మా ఆఫీసుకొచ్చాడు. ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. తెర చూస్తే ఆయన చుక్క మాత్రం ఒడ్డుకి నాలుగు కిలోమీటర్ల అవతల సముద్రంలో ఉంది. ఇదేమిటని ఆయనకే వేలుపెట్టి చూపించాను.

“అదా? మా బామ్మర్ది దానయ్య దుంగ పగిలిపోనాది బాబూ. నాకివాళ ఏట నేదు కదాని నా నడిమి దుంగ అట్టుకెల్లినాడు. మాలో మాకది మామూలే,” అన్నాడు అసిరయ్య.

ఈ మాట నాతో ఆగిపోతే సరిపోయేది. కాని సార్ అప్పుడే గదిలోకి వచ్చారు. తెర చూశారు. మనిషిని చూశారు. మళ్ళీ తెర చూశారు.

“యంత్రము ప్రకారం అసిరయ్య సముద్రంలో ఉన్నాడు. మరి ఈ వ్యక్తి ఎవరు?”

“నానే బాబూ అసిరయ్యని. మొన్న నా తెప్పని కట్టెల అడితి అన్నారు కదా.”

“ఆధారం?”

అసిరయ్య రొంటిన ఉన్న కార్డు తీసి చూపించాడు. సార్ దాన్ని తిప్పి చూసి బల్ల మీద పెట్టేశారు. “ఇది కాగితం. అది ఆకాశంతో మాట్లాడుతున్న యంత్రం. విభాగం దేనిని నమ్మవలెను? అసలు అసిరయ్య తీరం చేరేవరకు ఇతణ్ణి ఇక్కడే కూర్చోబెట్టు.”

కూర్చోబెట్టాను. టీ ఇప్పించాను, బిస్కట్లు ఇప్పించాను. ఒంటిగంటకి దానయ్య వేట ముగించుకుని రావడంతో చుక్క ఒడ్డుకి చేరింది. అప్పుడు సార్ లేచి వచ్చి, నాలుగు గంటలుగా మా బెంచీ మీదే ఉన్న అసిరయ్యతో చెయ్యి కలిపి, సముద్రం నుంచి క్షేమంగా తిరిగి వచ్చినందుకు విభాగం తరఫున అభినందించారు.

దుంగ మారితే నౌక మారుతుంది కాబట్టి ప్రతి దుంగకీ విడివిడిగా యంత్రం ఉండాలని ఆ సాయంత్రమే కొత్త ఉత్తర్వు తయారైంది. మెకానిక్ వెళ్ళి మిగతా నాలుగు దుంగలకీ ఇనప పీటలు బిగించి వచ్చాడు. కాలు పెట్టడానికి చోటెక్కడుందని అసిరయ్య గోల పెట్టాడట. “ఉండనీ మావా, ఒకటి ఎలగకపోతే ఇంకోటెలుగుద్ది,” అని పోలమ్మే సర్దిచెప్పిందట.

మర్నాడు తెర మీద అయిదు చుక్కలు లేచాయి. అడుగు తేడాని కూడా పసిగడుతుందని ఆ యంత్రం అమ్మినవాళ్ళు ఒట్టేసి చెప్పారు. ఒట్టు నిలబెట్టుకున్నారు కూడా. అయిదు నౌకలు అడుగు ఎడంలో వెళుతున్నాయనీ, ఏ క్షణానైనా ఢీకొంటాయనీ తెర ఒకటే మోత. నౌకకీ నౌకకీ మధ్య వంద మీటర్ల దూరం పాటించవలెనని మెమో పుట్టింది. అది పట్టుకెళ్ళి అసిరయ్యకి చదివి వినిపించిన దురదృష్టవంతుణ్ణి నేనే.

“దుంగకీ దుంగకీ నడుమ వంద మీటర్లా?” అన్నాడు. “మరి నా కాలొకటి ఇక్కడా, కాలొకటి పక్కూర్లోనా బాబూ?”

ఈ సందేహాన్ని పైకి పంపాను. మూడు సమావేశాలు జరిగాయి. చివరికి అయిదు చుక్కలూ కలిసి ఒకే సంయుక్త జలయానమనీ, అవి ఒకదానికొకటి విడిపోతే నౌక బద్దలైనట్టు పరిగణించి వెంటనే రక్షణ చర్యలు చేపట్టాలనీ తేల్చారు. అసలు ఇందుకే కదా యంత్రం పెట్టిందని నేను కూడా సంతోషించాను. ఆరబెట్టే సంగతి అక్కడున్న ఏడుగురిలో ఒక్కడికీ గుర్తు రాలేదు, నాతో సహా.

మర్నాడు పదిన్నరకి అసిరయ్య ఒడ్డుకొచ్చి తాడు విప్పాడు. మా ఆఫీసులో సైరన్ మోగింది. నౌక బద్దలైందని తెర ఎర్రబడింది. తేలుడు చొక్కాలు తొడుక్కున్న ఆరుగురు రక్షకులు పడవేసుకుని హడావుడిగా గరగవానిపాలెం ఒడ్డుకి చేరి, ఇసకలో దూకి, దుంగ మీద కూర్చుని గంజి తాగుతున్న అసిరయ్యని చంకల కింద చేతులేసి ఎత్తారు. గంజి ఒలికిపోయినందుకు ఆయన తిట్టిన తిట్లు నివేదికలో రాయలేక ‘బాధితుడు స్పృహలో ఉన్నాడు’ అని రాశారు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నాలుగో రోజుకి రక్షకులకి కూడా పోలమ్మ ముందుగానే గంజి పోసి ఉంచింది.

వారం తిరిగేసరికి విరూపాక్షరావు గారు చిందులు తొక్కారు. “నా పరిధిలో వారంలో ఏడు నౌకా ప్రమాదములా? ఒకే మనిషి ఏడుసార్లు మునిగితే పై వాళ్ళకి నేనేం చెప్పాలి? గణాంకములు ఏం కావాలి?”

“సార్, అవి ప్రమాదాలు కావు. ఆరబెడుతున్నాడు,” అన్నాను.

“అయితే ఆరబెట్టుట అనే గడి పెట్టు.”

మేం రోజూ నింపే ఫారంలో మూడు గడులకే చోటుంది. వేట, ఒడ్డు, ప్రమాదం. ఫారం సైజు మార్చాలంటే రాజధాని నుంచి అనుమతి రావాలి. అందుకని ప్రమాదం అన్న మాట కొట్టేసి, ఆ గడిలో ఆరబెట్టుట అని అచ్చువేయించారు. ఇకమీదట చుక్కలు విడిపోతే తెర ఎర్రబడదు, పసుపు పచ్చగా మారుతుంది. సైరన్ బదులు ప్రింటరులోంచి ‘తెప్ప ఆరబెట్టబడినది’ అని కాగితం వస్తుంది. ఆ నెల మా పరిధిలో ప్రమాదాలు సున్నా. రాష్ట్రంలోకెల్లా ఉత్తమ విభాగంగా మా పేరు ప్రతిపాదనకి వెళ్ళింది.

దాన్ని చూడటానికే రాజధాని నుంచి ముగ్గురు పరిశీలకులు వచ్చారు. ఆ రోజు సార్ కొత్త కోటు వేసుకున్నారు. తెర ముందు నన్ను కూర్చోబెట్టి, బెత్తంతో చుక్కలు చూపిస్తూ ఉపన్యాసం మొదలుపెట్టారు. “ఇవి అయిదు దుంగలు. కాని తాత్త్వికముగా ఒకే నౌక.” పది దాటి పది నిమిషాలైంది. చుక్కలు ఒకదాన్నుంచి ఒకటి జరిగాయి. తెర పసుపు పచ్చగా మారింది. ప్రింటరులోంచి కాగితం వచ్చింది.

“చూశారా క్రమశిక్షణ! రోజూ కన్నా ఇరవై నిమిషాలు ముందే ఆరబెట్టేశాడు,” అన్నారు సార్. ముగ్గురూ చప్పట్లు కొట్టారు. గదిలో ఉన్న మేమందరం కొట్టాం. నేనూ కొట్టాను. అది చెప్పకుండా దాచుకోదలచుకోలేదు.

చప్పట్లు ఆగాక తెర మళ్ళీ చూశాను. చుక్కలు నీలంరంగు మీద ఉన్నాయి.

“సార్, ఆరబెట్టింది నీళ్ళలోలా ఉంది.”

“మన మ్యాపు పాతది. సముద్రం వెనక్కి తగ్గి ఉంటుంది.”

“రెండు కిలోమీటర్లు తగ్గిందా సార్?”

“తగ్గినట్టు రాసుకో. పరిశీలకులకి ఉప్మా చల్లారిపోతోంది.” అందరూ పక్కగదిలోకి వెళ్ళిపోయారు. నేను ఉత్తర్వుకి కట్టుబడ్డ మనిషిని. పెన్ను తీసి తగ్గినట్టు రాసుకున్నాను.

పదకొండింటికి నా ఫోన్ మోగింది.

“బాబూ, నాను పోలమ్మని. మావోడు అగుపిస్తన్నాడా?”

“తెప్ప ఆరబెట్టేశాడమ్మా. కాగితం కూడా వచ్చింది.”

“ఎక్కడ ఆరబెట్టినాడు? నానిక్కడ ఇసక మీదే నిలబడున్నాను. ఒక్క దుంగ నేదు. అందరూ వచ్చీసినారు. ఆడొక్కడే రానేదు.”

“చుక్కలు అయిదూ కనిపిస్తున్నాయమ్మా,” అన్నాను. ఆ మాట అంటున్నందుకే నాకు సిగ్గేసింది.

“అయిదింట్లో ఆడు దేని మీదున్నాడు బాబూ?”

ఇన్ని ఉత్తర్వులు రాశాం, ఇన్ని సమావేశాలు పెట్టాం, ఈ ప్రశ్న మాలో ఒక్కడూ అడగలేదు. యంత్రాలు దుంగలకున్నాయి. మనిషికి ఏదీ లేదు.

పక్కగదిలోకి పరిగెత్తాను. సార్ ఉప్మాలో జీడిపప్పు ఏరుకుంటున్నారు. తెప్ప బద్దలైంది, రక్షకుల్ని పంపండన్నాను. ప్రమాదం అనే గడి ఇప్పుడు లేదు కాబట్టి కుదరదన్నారు. పోనీ, ఏ చుక్క ఎక్కడుందో ఆ భార్యకి చెప్పేస్తానన్నాను.

“స్థాన వివరములు గోప్యములు. నౌక యజమాని స్వహస్తాలతో దరఖాస్తు పెట్టుకోవలెను.”

“యజమాని సముద్రంలో ఉన్నాడు సార్!”

“వచ్చాక పెట్టుకోమను.”

ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి నాకు ఒళ్ళు మండింది. “మీకూ మీ గోప్యానికీ ఓ దణ్ణం,” అని పరిశీలకుల ముందే అనేసి వచ్చి తెర ముందు కూర్చున్నాను. కళ్ళార్పకుండా చూశాను. నాలుగు చుక్కలు గాలివాటాన ఈశాన్యంగా కొట్టుకుపోతున్నాయి. ఒక్కటి మాత్రం అటు పోవడం లేదు. ఆగుతోంది, కాస్త వెనక్కి పోతోంది, మళ్ళీ పడమరకి వస్తోంది. గాలికి ఎదురుగా, ఊరి వైపు. దుంగ తనంతట తాను అలా రాదు. దాని మీద ఎవరో చేతులతో నీళ్ళు తోస్తూ ఉండాలి.

“పోలమ్మా! ఒక చుక్క ఇంటికొస్తోంది! మీ ఊరి ఉప్పు గిడ్డంగికి సూటిగా తూర్పున, రెండు కిలోమీటర్లు!” అని ఫోనులో అరిచాను. అవతల ఆవిడ “ఓ దానయ్యా, ఉప్పు గిడ్డంగికి ఎదర! బేగెల్లు!” అని కేకేసింది. ఫోన్ కట్ కాలేదు. పరుగులూ, మోటారు చప్పుడూ, ఆవిడ ఏడుపూ వినిపిస్తూనే ఉన్నాయి.

నేను ఆ చుక్క మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. మధ్యలో అది చాలాసేపు కదలలేదు. అంతసేపూ నేను ఏ దేవుడికేం మొక్కానో ఇప్పుడు చెప్పలేను. పన్నెండున్నరకి ఒక్క కుదుపుతో వేగంగా కదిలి తిన్నగా ఊరి వైపు వచ్చింది. అది చేతులతో తోసే వేగం కాదు, మోటారు వేగం. దానయ్య పక్కింటివాళ్ళ పడవలో వెళ్ళి పట్టుకొచ్చాడు. దుంగ వదిలితే గాని ఎక్కించుకోనంటే, వదలనంటే వదలనని అసిరయ్య పట్టుబట్టాడట. చివరికి దాన్ని కూడా తాడుకట్టి లాక్కొచ్చారు. నేను బల్ల మీద తల పెట్టుకుని బావురుమన్నాను. ఆఫీసంతా చూసింది. చూడనీ.

వారం తర్వాత రెండు కాగితాలు తయారయ్యాయి. ఒకటి గోప్యత ఉల్లంఘించినందుకు నాకు మెమో. రెండోది అసిరయ్యకి నోటీసు. “అనుమతి లేని ప్రదేశమందు, అనగా సముద్రమందు, తెప్పను ఆరబెట్టినందులకు సంజాయిషీ కోరడమైనది.” రెండోదాన్ని పట్టుకెళ్ళే పని కూడా నాదే.

అసిరయ్య గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. రెండు అరచేతులూ తోలు లేచిపోయి ఉన్నాయి. పోలమ్మ వాటికి నూనె రాస్తోంది. నన్ను చూసి ఆయన తిట్టలేదు. అదే నాకు మరీ కష్టంగా తోచింది.

“మీ ఇనప పీట అంచు కట్టుతాడుని కోసీసింది బాబూ,” అన్నాడు. “పెద్ద కెరటం రాగానే పటుక్కుమన్నాది.”

నోటీసు చదివి వినిపించాను. అసిరయ్య దానికి జతచేసిన ఫారం వైపు చూశాడు.

“నానేటి సెప్పాల ఇందులో?”

“ఈ మూడు గడుల్లో ఒకదాంట్లో గుర్తు పెట్టాలి. వేట, ఒడ్డు, ఆరబెట్టుట.”

“నాను ఆరబెట్టనేదు బాబూ. మునిగిపోనాను.”

“ఆ గడి లేదు అసిరయ్యా.”

పోలమ్మ నూనె గిన్నె కింద పెట్టింది. “నేకపోతే నువ్వే రాయి బాబూ. నువ్వు సూసినావు కదా.”

పెన్ను తీశాను. ఏ గడిలోనూ రాయలేదు. మూడు గడుల మీదుగా అడ్డంగా, పెద్ద అక్షరాలతో రాసి, కింద నా పేరు, హోదా, తేదీ వేశాను.

“ఏటి రాసినావు?” అంది పోలమ్మ.

“‘ఈ మనిషి సముద్రంలో మునిగిపోతుంటే మేం తెర మీద చూసి చప్పట్లు కొట్టాం.’”

“మల్లా సదువు,” అంది.

మళ్ళీ చదివాను.